రాయి వెంట వచ్చిన చుట్టాలు

గ్రాజ్ ఊరికి సముద్రం లేదు. ఆస్ట్రియాలో తీరానికి దూరంగా ఉన్న నగరం అది. అయినా 1883లో అక్కడి విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పే ఫ్రాంజ్ ఐల్‌హార్డ్ షుల్ట్సే దగ్గర సముద్రపు నీటి తొట్టి ఉండేది. అందులో ఆయనకు మరకలాంటిది ఒకటి కనబడింది. రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు, కాగితం కన్నా పల్చన, బూడిద రంగు. పాచి అనుకుని గుడ్డతో తుడిచేస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆ మరక మెల్లగా జరుగుతోంది. జరిగేకొద్దీ దాని అంచులు ఆకారం మార్చుకుంటున్నాయి. సూక్ష్మదర్శిని కింద చూస్తే నోరు లేదు, కడుపు లేదు, నాడులు లేవు, కండరాలు లేవు, కుడి ఎడమలు కూడా లేవు. తిండి మీదికి పాకి, దాన్ని ఒంటి కింద అదిమి, అక్కడికక్కడే అరిగించుకుంటుంది. షుల్ట్సే దానికి ట్రైకోప్లాక్స్ అని పేరు పెట్టాడు.

1907లో క్రుంబాఖ్ అనే మరో శాస్త్రజ్ఞుడు అది కొత్త జంతువేమీ కాదనీ, హైడ్రాకు దగ్గరి బంధువైన ఒక జీవి తాలూకు పిల్ల అనీ తేల్చాడు. ఆ మాట పాఠ్యపుస్తకాలకెక్కింది. ఎక్కిన మాట దిగడానికి అరవై ఏళ్లు పైనే పట్టింది. 1971లో కార్ల్ గ్రెల్ దాన్ని మళ్లీ పరిశీలించి, జంతు ప్రపంచంలో అప్పటిదాకా ఉన్న ఏ ఫైలంలోనూ ఇది ఇమడదని ప్లాకోజోవా అనే కొత్త ఫైలం కట్టాడు. 2008లో దాని జన్యుపటం మొత్తం వెలువడింది. నాడులే లేని ఆ జీవిలో, నాడుల పనికి అవసరమయ్యే జన్యువులు చాలా ఉన్నాయి.

సముద్రం నుంచి ఎవరో ఏదో తెచ్చుకున్నారు. దాన్ని పట్టుకుని ఈ జీవి ఊరిలోకి వచ్చింది. ఉప్పునీటి అక్వేరియం పెంచేవాళ్లు ఇలా వచ్చినవాటిని హిచ్‌హైకర్లు అంటారు, దారిలో చెయ్యెత్తి ఎవరి బండో ఎక్కినవాళ్లని. మన మాటలో పిలవని పేరంటానికి వచ్చినవాళ్లు. వచ్చింది ఎవరో పోల్చుకోవడం ఎలాగన్నదే ఈ అధ్యాయం. ట్రైకోప్లాక్స్ కథతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. దాన్ని కళ్లారా చూసినవాడు సరిగ్గా చెప్పాడు. ఇది ఫలానా దానిలా ఉందే అని పోలిక పట్టుకున్నవాడు పొరబడ్డాడు.

ఈ చుట్టాలకు బండి లైవ్ రాక్. పేరులో ప్రాణం ఉంది కానీ రాయికి లేదు. అది చచ్చిన పగడాల అస్థిపంజరం, అచ్చమైన సున్నపురాయి. దాని బెజ్జాల్లో కాపురం ఉన్నవాటిదే ప్రాణమంతా. 1960ల మొదట్లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, తొట్టిలో పగడపు దిబ్బ రాళ్లు పేర్చి, నీళ్లలోకి గాలి వదిలితే చాలు, వేరే వడపోత యంత్రాలు లేకుండానే నీళ్లు బాగుంటాయని చూపించాడు. రాయి పైపొరల్లో ఉండే బాక్టీరియా చేపలు విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. లోపల ఆక్సిజన్ అందని చోట ఉండే మరో రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి వదిలేస్తుంది. రాయి కొనేది ఈ బాక్టీరియా కోసం. మిగతావాళ్లు వెంట వస్తారు.

ఆ రాళ్లు దూర దేశాల నుంచి నీళ్లలో మునిగి రావు. తడిపిన వార్తాపత్రికల్లో చుట్టి, పెట్టెల్లో సర్ది విమానం ఎక్కిస్తారు. ఆ ప్రయాణంలో సుకుమారమైనవి చచ్చి కుళ్లుతాయి. తడి చాలినవి, ఊపిరి బిగబట్టగలిగినవి, బెజ్జం లోపలికి ముడుచుకున్నవి మిగులుతాయి. అందుకే తొట్టిలో కనబడేది పగడపు దిబ్బకు నమూనా కాదు. ఆ దిబ్బలోని మొండిఘటాలు మాత్రమే మన ముందుకొస్తాయి. పురుగులు, పీతలు, ఎనిమోన్లు ఎక్కువ కనబడటానికి ఇదే కారణం.

మన దేశంలో ఈ రాయి జోలికి పోకూడదు. గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన్నార్ సింధుశాఖలోనో లక్షద్వీప్‌లోనో అండమాన్‌లోనో దిబ్బ రాయిని పెకలించడం నేరం, అలా ఉండటమే న్యాయం. ఫ్లోరిడాలో కూడా సహజ దిబ్బల నుంచి తీయడం 1990లలో ఆపేసి, మామూలు సున్నపురాళ్లను సముద్రంలో వేసి, వాటి మీద జీవం పట్టాక తీసి అమ్ముతున్నారు. అక్కడి రాళ్లతో తొట్టి పెట్టుకున్న మా మేనల్లుడు హ్యూస్టన్‌లో ఉండేవాడు. విశాఖలో నేను జంతుశాస్త్రం చదివిన రోజుల్లో రుషికొండ వైపు రాళ్ల మడుగుల్లో చూసినవాటికి బంధువుల్ని మళ్లీ చూసింది అతని ఫోన్‌లోనే.

రాయి పెట్టిన మొదటి వారాల్లో కనబడేవి చాలావరకు అమాయకులు. అద్దం మీద ఆవగింజంత తెల్లటి చుట్టలు వందల్లో అంటుకుంటాయి. అవి స్పైరోర్బిడ్ అనే గొట్టపు పురుగుల ఇళ్లు. నత్తలేమో అని గోకేస్తారు చాలామంది. నీళ్లలోని నలుసుల్ని వడకట్టుకు తినడం తప్ప వాటికి మరో పని లేదు. చుక్కల్లా గెంతుతూ తిరిగేవి కోపీపాడ్‌లు, మాండరిన్ చేపకు అవే అన్నం. చిన్న అనాసపండులా తెల్లగా, నెత్తిన పిలకతో వేలాడేది సైకాన్ స్పంజిక. రాయి మీద రక్తం చుక్క పడి ఎండినట్టుండేది హోమోట్రీమా. అదంతా ఒకే ఒక్క కణం. బెర్ముడా దీవుల ఇసుకకు గులాబీ రంగునిచ్చేది దాని పెంకులే. తెగిన గోరులాంటి గుల్లను వీపున మోస్తూ, ముట్టుకుంటే తోక తుంచుకు పారిపోయేది స్టొమటెల్లా నత్త. నాచు తిని మేలు చేస్తుంది. ఎనిమిది పలకల కవచంతో రాయిని కరుచుకుని ఉండేది చైటన్. దాని పళ్లలో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం ఉందని 1962లో హైంజ్ లోవెన్‌స్టామ్ కనిపెట్టాడు. రాయిని గీకి నాచు తినాలంటే ఇనుప పళ్లే కావాలి మరి.

వీటిని పగలు చూడొచ్చు. అసలు జనాభా రాత్రిది. దీపాలార్పిన గంటా రెండు గంటల తర్వాత, టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూడాలి. నీళ్లలో ఎరుపు రంగు లోతుకు దిగదు గనుక చాలా సముద్రజీవుల కళ్లకు ఎరుపు సరిగ్గా ఆనదు. తెల్ల లైటు వేస్తే బెజ్జంలోకి జారుకునే పురుగు, ఎర్ర వెలుతురులో మన ముందే తన పని తాను చేసుకుంటుంది. ఆ పని ఏమిటో చూడటమే గుర్తింపులో ముక్కాలు వంతు. రంగు నమ్మలేం, పరిమాణం నమ్మలేం. ఎప్పుడు బయటికొస్తుంది, దేని మీద ఆగుతుంది, ఆగి వెళ్లిన చోట ఏం మిగులుతుంది: ఈ మూడూ రాసుకుంటే పేరు దానంతటదే దగ్గరికొస్తుంది.

మా వాడు మొదట ఫోన్ చేసింది చప్పుడు గురించి. "మామయ్యా, రాత్రిళ్లు తొట్టిలోంచి గోరుతో అద్దం కొట్టినట్టు టక్కుమని వినిపిస్తోంది. పగిలిపోతుందేమో!" అన్నాడు. ఇలాంటి చప్పుడుకు అనుమానించాల్సిన వాళ్లు ఇద్దరు. ఒకటి పిస్టల్ రొయ్య. దానికి ఒక గిట్ట పెద్దది. దాన్ని ఠక్కున మూస్తే నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లి, వాటి వెనక ఒక బుడగ పుట్టి పగులుతుంది. చప్పుడు గిట్టలు తగిలితే వచ్చేది కాదు, ఆ బుడగ పగిలితే వచ్చేదని 2000లో వెర్‌స్లూయిస్ బృందం వేగవంతమైన కెమెరాతో నిరూపించింది. రెండో ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల చప్పుడు వినడానికి నీళ్లలో దించిన పరికరాలకు ఈ రొయ్యల చిటపట పెద్ద తలనొప్పి అయింది. తొట్టిలో ఇది చెడ్డది కాదు. కొన్ని జాతులు గోబీ చేపతో ఒకే బొరియలో కాపురం చేస్తాయి.

రెండోది మాంటిస్ రొయ్య. పేరులో రొయ్య ఉన్నా అసలు రొయ్య కాదు, వేరే శాఖ. ముందరి కాళ్లు మడిచి దండం పెట్టినట్టు కూర్చుంటుంది. ఆ మడతలోనే ఉంది దాని బలమంతా. కాలిలో జీను ఆకారపు స్ప్రింగు ఒకటి బిగుసుకుని ఉంటుంది, గొళ్లెం తీసినట్టు ఒక్కసారి వదులుతుంది. నెమలి రంగుల మాంటిస్ రొయ్య దెబ్బ సెకనుకు 23 మీటర్ల వేగం అందుకుంటుందని 2004లో షీలా పాటెక్ బృందం కొలిచింది. నీళ్లలో ఆ వేగం! ఆ వేగానికి నీళ్లలోనూ బుడగలు పుట్టి పగులుతాయి, అంటే నత్తకు ఒకే దెబ్బలో రెండు తగులుతాయి. రాళ్లతో వచ్చేవి సాధారణంగా వేలెడంత ఉండే చిన్న జాతులే. అయినా తొట్టిలోని నత్తల్ని, పీతల్ని ఒక్కొక్కటిగా ముగించగలవు.

చప్పుడు విని ఎవరిదో చెప్పగలమని కొందరంటారు. నేను నమ్మను. బొరియ గుమ్మం చూస్తే తెలుస్తుంది. పిస్టల్ రొయ్య గుమ్మంలో తవ్వి పోసిన ఇసుక, గులకరాళ్లు ఉంటాయి. మాంటిస్ గుమ్మంలో పగిలిన నత్తగుల్లలు, పీత డిప్పలు ఉంటాయి. మా వాడిని గుమ్మం వెతకమన్నాను. మూడో రాత్రికి పగిలిన గుల్లల పోగు దొరికింది. రాయి బయటికి తీసి, ఉప్పు పాలు పెంచిన నీటిని బెజ్జంలోకి సిరంజితో ఎక్కిస్తే ఆకుపచ్చటి చిన్న జీవి బకెట్లోకి జారింది. చంపొద్దన్నాను. చాలామంది చేసినట్టే వేరే చిన్న తొట్టి పెట్టాడు. కొన్నాళ్లకు, పెద్ద తొట్టి కన్నా దాని ముందే ఎక్కువసేపు కూర్చుంటున్నానని చెప్పాడు.

అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది బ్రిసిల్ పురుగులకు. చూడటానికి జెర్రిలా ఉంటుంది, ప్రతి కణుపుకూ రెండు వైపులా తెల్లటి నూగు. ముట్టుకుంటే గొంగళిపురుగు నూగు గుచ్చుకున్నట్టే ఉంటుంది. ఆ ముళ్లు సున్నపు పదార్థంతో చేసినవి, పెళుసు, చర్మంలో విరిగిపోతాయి. అంటుకునే టేపు వేసి లాగితే చాలావరకు వస్తాయి. పొద్దున్నే లేచి చూస్తే చచ్చిన చేప, దాని మీద పాతిక బ్రిసిల్ పురుగులు. యజమాని తీర్పు చెప్పేస్తాడు. కానీ శవం దగ్గర కనబడ్డవాడల్లా హంతకుడు కాదు. యూరితో ప్రజాతికి చెందిన ఈ పురుగులు చచ్చినదాన్ని, మిగిలిన మేతను తినే పాకీవాళ్లు. చేప రాత్రి రోగంతో పోయింది, అది కుళ్లి నీళ్లు పాడవకముందే వాళ్లు దిగారు. వాళ్లను ఏరిపారేసిన తొట్టిలో అమ్మోనియా పెరిగితే ఆశ్చర్యపడాల్సింది లేదు.

అదే వంశంలో నిజంగా భయపడాల్సినది ఒకటుంది. అగ్నిపురుగు, హెర్మోడైస్. అట్లాంటిక్, మధ్యధరా సముద్రాలది. ప్రతి కణుపు దగ్గరా తెల్లటి ముళ్ల గుత్తి పక్కనే ఎర్రటి కొమ్మల్లాంటి మొప్పలుంటాయి. పగడం కొమ్మ కొసను నోట్లోకి తీసుకుని, మాంసం జుర్రి, తెల్ల ఎముక వదిలేస్తుంది. మధ్యధరాలో ఒక పగడాన్ని తెల్లబరిచే విబ్రియో బాక్టీరియాను చలికాలమంతా ఒంట్లో దాచి వేసవికి మళ్లీ పగడానికి అంటించేది ఇదేనని 2003లో తేలింది. కాబట్టి బ్రిసిల్ పురుగు కనబడితే అడగాల్సింది ఎంత పొడవని కాదు. ఎర్ర మొప్పలున్నాయా, సజీవ పగడం మీదికి ఎక్కుతోందా అని అడగాలి.

పొడవు గురించి ఒక మాట. 2009లో ఇంగ్లండ్ కార్న్‌వాల్‌లోని న్యూకీ పట్టణపు బ్లూ రీఫ్ అక్వేరియంలో పగడాలు రాత్రికి రాత్రి తెగి పడుతున్నాయి, ఒక చేపకు గాయాలయ్యాయి. ఎర వేశారు, వలలు పెట్టారు, దొంగ దొరకలేదు. ఆఖరికి ప్రదర్శన మొత్తం విప్పి రాయి రాయిగా తీస్తే నాలుగడుగుల యూనిస్ పురుగు బయటపడింది. రాయితో చిన్నగా వచ్చి అక్కడే పెరిగి ఉండాలి. అదే ఏడు జనవరిలో జపాన్‌లోని షిరహామా తీరంలో పదమూడేళ్లుగా కట్టి ఉన్న తెప్ప తాలూకు తేలుడు డబ్బాలో అదే జాతి పురుగు 299 సెంటీమీటర్లది దొరికింది. బరువు 433 గ్రాములు. పదమూడేళ్లు మనుషులు దాని మీద నడుస్తూనే ఉన్నారు. యూనిస్‌ను బ్రిసిల్ పురుగుతో పొరబడకుండా ఉండాలంటే తల చూడాలి: ఐదు మీసాలు, ఒంటి మీద ఇంద్రధనుస్సు మెరుపు.

ఎయిప్టేసియా గురించి నాకు రెండు మనసులు. గోధుమరంగు గాజు పువ్వులాంటి చిన్న ఎనిమోన్ ఇది. పక్కనున్న పగడాన్ని కుడుతుంది, చోటు ఆక్రమిస్తుంది. దాన్ని నలిపితే పెద్ద తప్పు. పాదం ముక్క ఎంత చిన్నది మిగిలినా అది మరో ఎయిప్టేసియా అవుతుంది. అసలు ఎవరూ ముట్టుకోకపోయినా జరుగుతూ పాదం ముక్కలు వదిలి పిల్లల్ని చేస్తుంది. అక్వేరియం వాళ్లు సున్నాన్ని ముద్దగా కలిపి సిరంజితో దాని నోట్లో పెడతారు. తమలపాకుకు రాసుకునే సున్నమే అది, కాల్షియం హైడ్రాక్సైడ్. లేదంటే బెర్గియా అనే సముద్రపు స్లగ్‌ను వదులుతారు. దానికి ఎయిప్టేసియా తప్ప మరో తిండి లేదు, అది అయిపోతే తనూ పోతుంది.

ఇంత చీదరించుకునే ఈ జీవిని ప్రయోగశాలల్లో అపురూపంగా పెంచుతున్నారు. పగడాల ఒంట్లో ఉండి వాటికి చక్కెరలు అందించే శైవలాలే దీని ఒంట్లోనూ ఉన్నాయి. నీళ్లు వేడెక్కితే పగడాలు ఆ శైవలాల్ని పోగొట్టుకుని తెల్లబోతాయి కదా, ఆ బంధం ఎలా కుదురుతుంది, ఎందుకు తెగుతుంది అన్నది తెలుసుకోవడానికి పగడం కన్నా ఇదే వీలు. గట్టి అస్థిపంజరం లేదు, త్వరగా పెరుగుతుంది, ముక్క నుంచి కావలసినన్ని నకళ్లు. 2015లో దీని జన్యుపటం వచ్చింది. తొట్టిలో చంపడానికి కారణమైన మొండితనమే పరిశోధనకు దాన్ని పనికొచ్చేదిగా చేసింది.

కొందరు అతిథుల్ని శాస్త్రం కన్నా ముందు తొట్లే చూశాయి. అక్రోపోరా పగడాలు పెంచేవాళ్లు ఏళ్ల తరబడి ఒక చదును పురుగుతో వేగారు. పగడం రంగులోనే ఉండి కంటికి ఆనదు. సిరంజితో నీళ్లు గట్టిగా చిమ్మితే ఊడి కొట్టుకుపోతుంది, అప్పుడు తెలుస్తుంది. అది తిన్న చోట గుండ్రటి పాలిపోయిన గాట్లుంటాయి. 2011లో దానికి అమకుసప్లానా అక్రోపోరే అని శాస్త్రీయంగా పేరు పెట్టారు, అప్పటికి అది తొట్లలో తప్ప తెలియదు. సహజ దిబ్బ మీద ఆస్ట్రేలియాలోని లిజార్డ్ దీవి దగ్గర దొరికింది ఆ తర్వాతే. చూసినదాన్ని తారీఖు వేసి రాసుకునే అలవాటు ఎందుకంటున్నానో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నింపాదిగా పరిశీలిద్దామనే మాట పనికిరాదు. రాయి మీద తోలు పరచినట్టు గుంపుగా, బొత్తాల్లా ఉండే జోయాంథిడ్‌లు కనబడితే ఉత్త చేత్తో ముట్టకూడదు. వాటిలో పాలిథోవా రకాల్లో పాలిటాక్సిన్ ఉండొచ్చు. హవాయి దీవుల్లో 1971లో దీన్ని వేరుచేశారు, ప్రకృతిలో తెలిసిన అతి భయంకరమైన విషాల్లో ఒకటి. రాయిని శుభ్రం చేస్తున్నామని వేడినీళ్లు పోయడం, ఉడకబెట్టడం, బ్రష్షుతో రుద్దడం మరీ ప్రమాదం, విషం గాల్లో కలుస్తుంది. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తొట్టిలోని పగడాల నుంచి వెలువడిన ఈ విషానికి ఇంట్లోవాళ్లు, సాయానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది కూడా ఆస్పత్రి పాలయ్యారు. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు లేకుండా రాయి తీయొద్దని మా వాడికి ప్రతిసారీ చెప్పేవాణ్ని, విసుక్కున్నా సరే.

పోయినేడు అతనికి వేరే ఊరికి బదిలీ అయింది. తొట్టి ఎత్తేయాలి. నీళ్లు ఎక్కడ పోయాలని అడిగినప్పుడు మొనాకో సంగతి చెప్పాను. అక్కడి సముద్రశాస్త్ర మ్యూజియం కింద 1984లో కాలెర్పా టాక్సిఫోలియా నాచు చదరపు మీటరు మేర కనబడింది, అక్వేరియంలలో పెంచే రకమే. అలెగ్జాండర్ మెనేజ్ అనే శాస్త్రవేత్త హెచ్చరిస్తూనే ఉన్నాడు, అది మధ్యధరాలో పాకుతూనే పోయింది. అదే 2000లో కాలిఫోర్నియా మడుగులో బయటపడితే వెంటనే టార్పాలిన్లు కప్పి, క్లోరిన్ ఎక్కించారు. ఆరేళ్లు, 70 లక్షల డాలర్ల పైచిలుకు పట్టింది నిర్మూలించడానికి.

మన హార్బరుకూ ఇలాంటి చుట్టం వచ్చింది. అమెరికా ఖండపు ఉష్ణ తీరాలకు చెందిన మైటిలాప్సిస్ సల్లే అనే చిన్న ఆల్చిప్ప 1967లో విశాఖపట్నం రేవులో కనబడింది, ఓడల అడుగుల్ని పట్టుకుని. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1971లో దాని గురించి ప్రచురించారు. అదే ఆల్చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవుకు చేరితే, వాళ్లు పడవల మెరీనాలు మూసేసి బ్లీచ్, కాపర్ సల్ఫేట్ పోసి ఆఖరి ఆల్చిప్ప దాకా చంపారు. అక్కడ దాన్ని త్వరగా పసిగట్టారు, మెరీనాలకు తలుపులున్నాయి కాబట్టి వీలైంది. తలుపులు లేని రేవులో ఆ పని సాధ్యం కాదు.

మా వాడు జీవుల్ని స్నేహితుల తొట్లకు పంచి, మిగిలిన నీళ్లలో బ్లీచ్ కలిపి రాత్రంతా ఉంచి పారబోశాడు. చచ్చిన రాళ్లను పెరట్లో ఎండబెట్టాడు. రెండు వారాలు వీధంతా చేపల సంత వాసన. ఎండాక ఒక రాయిని సుత్తితో పగలగొట్టి ఫోటో పంపాడు. లోపల నున్నటి సొరంగం, అందులో ఖర్జూరపుపండు ఆకారంలో గోధుమరంగు గుల్ల. లిథోఫాగా. సున్నపురాయిని స్రావంతో కరిగించుకుంటూ లోపలికి తొలుచుకుని, జీవితమంతా అక్కడే ఉండే ఆల్చిప్ప. బయటికి తాళంచెవి కన్నంలాంటి చీలిక ఒక్కటే కనబడుతుంది. ఆ చీలిక మాకు తెలుసు. మూడేళ్లపాటు మా ఇద్దరి పుస్తకాల్లోనూ దాన్ని స్పంజిక అని రాసుకున్నాం.